జాలీ దాటి పెరట్లోకి: ఫారం కోళ్లపై పాఠకుల ప్రశ్నలు

లేయర్ ఫారాల్లో గుడ్ల కోసం కేజుల్లో పెంచే కోళ్లని 72 నుంచి 80 వారాల వయసు రాగానే బ్యాచ్ మొత్తం తీసేయడం మామూలు. కొన్ని ఫారాలు ఇంకొన్నాళ్లు ఉంచుతాయి. గుడ్లు తగ్గాయి కాబట్టి దాణా ఖర్చు గిట్టదు, అంతకుమించి ఆ కోళ్లు చేసిన తప్పేమీ లేదు. వాటిని కోతకు పోనివ్వకుండా ఇంటికి తెచ్చి సాకుతున్నవాళ్లు, సాకాలనుకుంటున్నవాళ్లు రాసిన ఉత్తరాలకే ఈసారి శీర్షిక మొత్తం ఇచ్చాం.

మా ఊరి ఫారంలో బ్యాచ్ తీసేస్తున్నారు. నాలుగు కోళ్లు తెచ్చుకుందామని ఉంది. ఎలాంటివి ఎంచుకోవాలి? మావారు కాళ్లు కట్టి బండికి తగిలించుకుని వస్తానంటున్నారు. పర్వాలేదా?
— ఒక పాఠకురాలు, అనపర్తి

ఆ ఒక్క పని చేయనివ్వకండి. ఒక్కో గుడ్డు పెంకుకి రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట. ఆ వేళకి కడుపులో మేత అయిపోతుంది కాబట్టి కోడి తన ఎముకల్లోంచి కాల్షియం తీసి పెంకుకి పోస్తుంది. మర్నాడు తిన్న దాణాతో ఆ అప్పు తీరాలి. నడక లేకుండా, రెక్క విదిలించే చోటు లేకుండా, ఏడాదికి పైగా దాదాపు రోజూ గుడ్డు పెట్టిన కోడికి ఆ అప్పు తీరదు, పేరుకుపోతుంది. కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనలు ఒక్కో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్ల చోటు ఉండాలంటున్నాయి. అది ఒక ఏ4 కాగితం కంటే తక్కువ. పాత కేజుల్లో అంత కూడా ఉండదు. అలా పెరిగిన కోడి ఎముక ఎండుపుల్లతో సమానం. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీస్తే, అది భయంతో ఒక్కసారి రెక్కలు కొట్టుకున్నా తొడ ఎముకో రెక్క ఎముకో పుటుక్కుమంటుంది.

పట్టుకునేటప్పుడు రెండు అరచేతులతో రెక్కలు ఒంటికి ఆనించి, ఒక చెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి, బరువంతా ఆ చేతి మీద పడేలా ఎత్తాలి. ఒంటి కాలు పట్టి కేజులోంచి లాగకూడదు. అట్టపెట్టెకి నాలుగు పక్కలా వేలు దూరేంత రంధ్రాలు పెట్టి, అడుగున రెండంగుళాల వరి ఊక పోసి, పెట్టెకి రెండేసి కోళ్లు ఉంచండి. పొద్దుగూకాక గానీ తెల్లవారుజామున గానీ తీసుకురండి. చీకట్లో బెదురు తక్కువ, ఎండ దెబ్బ భయం ఉండదు.

ఇక ఎంపిక. ఈకలు ఊడి మెడ, వీపు బోసిగా ఉండటం, తల మీది తురాయి పాలిపోయి ఒక పక్కకి వాలిపోవడం, గోళ్లు పెరిగిపోవడం మామూలే. అవి చూసి వెనకాడకండి. రొమ్ము ఎముక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపి చూడండి. వంకరగానో గుబ్బగానో తగిలితే అది ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక. అలాంటిదీ బతుకుతుంది, ఎత్తుకునేటప్పుడు మాత్రం ఇంకాస్త జాగ్రత్త కావాలి. నోరు తెరిచి గురగురమంటున్నవి, కంట్లో నురుగున్నవి, ముఖం వాచినవి, వెనక భాగం రక్తంతోనో రెట్టతోనో అట్టకట్టినవి తీసుకోకండి. కాళ్లు చచ్చుబడినట్టు కూర్చుండిపోయిన కోడి కొన్నిసార్లు మెత్తటి నేల మీద, కాల్షియంతో వారం పది రోజుల్లో లేచి నిలబడుతుంది. కానీ దానికి గంటగంటకీ నీళ్లు, దాణా నోటి దగ్గరికి అందించే మనిషి ఇంట్లో ఉండాలి.

వచ్చేముందు ఫారం మేస్త్రీని మూడు విషయాలు అడగండి: ఇప్పుడు పెడుతున్న దాణా ఏమిటి, ఏయే టీకాలు వేశారు, గత పదిహేను రోజుల్లో ఏ మందులు వాడారు. దాణా మూడు కిలోలు అడిగి తెచ్చుకుంటే మొదటి వారం గడిచిపోతుంది.

తెచ్చి మూడు రోజులైంది. తలుపు తీసినా బయటికి రావు. పళ్లెంలో నీళ్లు పోస్తే చూస్తూ నిలబడతాయి. నేల మీద నూకలు చల్లితే టకటకా పొడుస్తాయి కానీ ఒక్క గింజా నోట్లోకి పోదు. జబ్బు చేసిందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జబ్బు కాదు. అవి ఇంతవరకు నేలని చూడలేదు, పళ్లేన్నీ చూడలేదు.

ముందు నీళ్ల సంగతి. ఇది ఆగే పని కాదు. ఫారంలో అవి నిపుల్ (గొట్టానికి బిగించే చిన్న కుళాయి మొన) పొడిస్తే పడే చుక్కలే తాగాయి. పక్షుల దాణా అమ్మే షాపులో ఆ నిపుల్ దొరుకుతుంది. అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా అడుగున రంధ్రం చేసి బిగించి, కోడి తల ఎత్తుకి వేలాడదీయండి. చూడగానే గుర్తుపట్టి పొడుస్తాయి. దాని కిందే వెడల్పాటి మట్టి మూకుడు పెడితే, చుక్కలు అందులో పడే చప్పుడుకి తల వంచి నాలుగు రోజుల్లో మూకుట్లో తాగడమూ నేర్చుకుంటాయి. అప్పటిదాకా పూటకోసారి కోడిని పట్టుకుని ముక్కు కొన మాత్రం నీళ్లలో ముంచండి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. కోడికి రోజుకి 200 నుంచి 250 మిల్లీలీటర్లు కావాలి, ఎండాకాలంలో దానికి రెట్టింపు. తెచ్చిన రోజు ఎలక్ట్రోలైట్ పొడి కలపండి, తర్వాత మామూలు నీళ్లు చాలు.

గింజ నోట్లోకి పోకపోవడానికి కారణం ముక్కు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లలప్పుడే ఫారంలో ముక్కు కొన కాల్చి కత్తిరిస్తారు. పై ముక్కు పొట్టిగా, కింది ముక్కు పొడుగ్గా మిగులుతుంది. గట్టి నేల మీద గింజని ఆ రెండు కొసల మధ్య పట్టడం దానికి సాధ్యం కాదు. లోతైన గిన్నెలో దాణా రెండు మూడు అంగుళాల మందాన పోస్తే పార పెట్టి తీసినట్టు తింటుంది. ఉదయం పూట గుప్పెడు దాణా తడిపి ముద్దగా పెడితే ఇష్టంగా తింటాయి. రెండు గంటల్లో తినకపోతే ఆ ముద్ద తీసేయండి, పులిసిపోతుంది. నూకలు, జొన్నలు ఇప్పుడే వద్దు. గింజ నలగాలంటే కందనకాయలో చిన్న రాళ్లుండాలి. పొడి దాణా మీద పెరిగిన కోడికి ఆ రాళ్లు ఉండవు. శనగబద్ద కంటే చిన్న గులకరాళ్లు విడిగా ఒక గిన్నెలో పెట్టి, పది రోజులయ్యాక గింజ మొదలుపెట్టండి.

బయటికి రావడం గురించి తొందరపడకండి. చేత్తో పట్టి బయట పెడితే బిగుసుకుపోయి అక్కడే కూర్చుంటుంది. తలుపు తీసి ఉంచి, దాణా గిన్నెని రోజుకో అడుగు గడప వైపు జరపండి. మట్టి మీద మొదటిసారి కాలు మోపిన కోడిని గమనించండి: కాలు పైకెత్తి, వేళ్లు ముడిచి, కాసేపు గాల్లోనే ఉంచి, మళ్లీ మెల్లగా దింపుతుంది. వాలు జాలీ తీగల మీదే నిలబడిన పాదానికి మెత్తగా అణిగే నేల కొత్త. గోళ్లు వంకర తిరిగి నడక ఆపుతుంటే కొనలు మాత్రం కత్తిరించండి. తెల్ల గోటిలో రక్తనాళం ఎర్రగా కనిపిస్తుంది, దానికి ఇవతలే ఆగాలి. తెగితే పసుపు అద్ది రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి.

నాలుగు కోళ్లకి గూడు ఎంత ఉండాలి? మా వీధిలో కుక్కలు ఎక్కువ.
— ఒక పాఠకుడు, సిద్దిపేట

లోపల నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. బయట తిరగడానికి జాలీ కట్టిన చోటు కోడికి పది చదరపు అడుగులకు తగ్గకూడదు. ఆరు మూలల కన్నాలతో వచ్చే సన్న తీగ వల కోడిని లోపల ఆపుతుంది కానీ కుక్కని బయట ఆపదు. కుక్క పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ తీసుకోండి. ముంగిస, పాము, పందికొక్కు కూడా ఆగుతాయి. మెష్ అడుగు లోతు మట్టిలోకి దిగాలి. తవ్వలేని చోట అడుగున్నర మెష్‌ని బయటివైపు నేల మీద పరిచి రాళ్లు పెట్టండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. పైన కూడా వల ఉండాలి, గద్దలకి తెల్లకోడి దూరం నుంచే కనిపిస్తుంది. తలుపుకి కొక్కెం చాలదు, గడియ పెట్టించండి.

గాలి కోసం పైభాగంలో ఎదురెదురు గోడలకి అడుగు వెడల్పున మెష్ వదలండి. నేల మీద ఊక మూడు నాలుగు అంగుళాలు. గుప్పిట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కట్టిందంటే తడి ఎక్కువైంది, పైపొర తీసి కొత్త ఊక వేయాలి. వంగి కోడి తల ఎత్తులో వాసన చూడండి. నిలబడినప్పుడు తెలియని ఘాటు అక్కడ కళ్లు మండిస్తుంది. కోడి పీల్చేది ఆ గాలినే.

రాత్రి పడుకునే కర్ర దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. నాటుకోళ్లకి పెట్టినట్టు నాలుగడుగుల ఎత్తున పెడితే, ఈ కోళ్లు ఎక్కగలవు కానీ దిగేటప్పుడు రొమ్ము ఎముక నేలకి తగిలి విరుగుతుంది. మొదటి నెల ఆరంగుళాల ఎత్తు చాలు. తర్వాత అడుగున్నర దాకా పెంచి, ఎక్కడానికి వాలుగా ఒక చెక్క ఆనించండి. కర్ర రెండంగుళాల వెడల్పు, అంచులు నున్నగా చెక్కినది. ఇనప పైపు వద్దు, కాలు జారుతుంది. కొన్ని కోళ్లు మొదట్లో మూల నక్కి ఊకలోనే పడుకుంటాయి, పడుకోనివ్వండి.

గుడ్లకి పన్నెండంగుళాల చదరం, పద్నాలుగంగుళాల ఎత్తున్న పెట్టె ఒకటి, గడ్డి వేసి, చీకటిగా ఉండే మూల. అందులో పింగ్‌పాంగ్ బంతి ఒకటి ఉంచితే చోటు అర్థమవుతుంది.

వచ్చిన కొత్తలో నాలుగు కోళ్లూ రోజూ గుడ్డు పెట్టాయి. ఆరో వారం నుంచి ఒక్కొక్కటే మానేశాయి. ఉన్న ఈకలు కూడా కుప్పలుగా రాలుతున్నాయి. రాత్రి తొమ్మిదింటిదాకా లైటు వేస్తే మళ్లీ పెడతాయని పక్కింటివారు చెబుతున్నారు. వేయమంటారా?
— ఒక పాఠకురాలు, తెనాలి

వేయకండి. మీ కోళ్లకి ఇప్పుడు జరుగుతున్నది వాటి జీవితంలో అన్నిటికంటే అవసరమైన సంగతి.

ఫారంలో రోజుకి దాదాపు 16 గంటల వెలుతురు ఇస్తారు. కోడి మెదడు దాన్నిబట్టే గుడ్డు పెట్టాలా వద్దా అని తేల్చుకుంటుంది. మన దగ్గర పగలు జూన్‌లో 13 గంటల చిల్లర, డిసెంబరులో 11 గంటల చిల్లర. ఇంటికి వచ్చాక వెలుతురు తగ్గింది, కోడి గుడ్లు ఆపి ఈకలు మార్చుకోవడం మొదలుపెట్టింది. గుడ్లు పెడుతున్నంత కాలం అది తిన్న కాల్షియం పెంకుకీ, పెంకు కోసం దాచుకునే తాత్కాలిక ఎముకకీ పోతుంది. ఒళ్లు మోసే అసలు ఎముక మళ్లీ గట్టిపడేది గుడ్లు ఆగినప్పుడే. లైటు వేసి గుడ్డు పెట్టించడం అంటే పాత అప్పు తీరకముందే కొత్త అప్పు చేయించడం. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వదిలేయండి.

ఈ రోజుల్లో దాణా మార్చాలి. ఈకలో చాలా భాగం ప్రొటీనే. లేయర్ దాణాలో ప్రొటీన్ 16, 17 శాతం, కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది. గుడ్లు పెట్టని కోడికి అంత కాల్షియం నెలల తరబడి పోతే మూత్రపిండాల మీద భారం. గ్రోయర్ దాణా (ఇంకా గుడ్లకి రాని, ఎదిగే కోళ్లకి పెట్టేది) పెట్టి, ఆల్చిప్పల ముక్కలు (షాపులో షెల్ గ్రిట్ అంటారు) విడిగా ఒక గిన్నెలో ఉంచండి. ఏ కోడికి ఎంత కావాలో అదే తింటుంది. గుడ్డు పెట్టేది వచ్చి పొడుచుకుంటుంది, మానేసినది పక్కనుంచి వెళ్లిపోతుంది. పైన కోడికి రోజుకి పది గ్రాముల సోయా చెక్క, వారంలో రెండు మూడుసార్లు చెదపురుగులో, ఉప్పు లేకుండా ఎండబెట్టిన చిన్న చేపలో వేయండి. చెదలు మందు కొట్టని చోటివి కావాలి. బజారులో దొరికే ఉప్పుచేప వద్దు, ఉప్పు ఎక్కువైతే నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి.

కొత్త ఈక మొలిచేటప్పుడు చర్మం మీద నీలం రంగు ముళ్లలా కనిపిస్తాయి. లోపల రక్తం ఉంటుంది, వేలు తగిలినా కోడికి నొప్పే. ఆ నెలలో ముద్దు చేయడానికి కూడా ఎత్తుకోకండి. తోటి కోడి పొడిచి రక్తం వస్తే ఎరుపు చూసి మిగతావీ మీద పడతాయి. వెంటనే విడదీసి, ఈగలు వాలనివ్వని గాయం స్ప్రే కొట్టండి. వానాకాలంలో ఇది మరచిపోతే రెండు రోజుల్లో పురుగు పడుతుంది.

ఈక నిండాక మళ్లీ పెడతాయి. వారానికి మూడు, నాలుగు. ఏడాది తిరిగేసరికి ఇంకా తగ్గుతాయి. ఫారం లెక్క ఇక్కడికి తేకండి.

మా ఇంట్లో నాటుకోళ్లు పది, జాతి పుంజు ఒకటి ఉన్నాయి. వాటిలో ఈ తెల్లకోళ్లని కలపవచ్చా? పుంజు లేకపోతే గుడ్లు పెట్టవంటారు కదా?
— ఒక పాఠకుడు, భీమవరం

గుడ్డుకి పుంజు అక్కర్లేదు, పిల్లలకే కావాలి. ఫారంలో ఏడాది పొడుగునా పెట్టినవన్నీ పుంజు లేకుండా పెట్టినవే. జాతి పుంజు మూడు నాలుగు కిలోలు తూగుతుంది. కిలోన్నర కోడి, వీపు మీద ఈక లేదు, ఎముక బలం లేదు. పుంజు ఎక్కితే గోళ్లు చర్మం చీల్చేస్తాయి, కాలు విరగడమూ ఉంది. ఈకలు పూర్తిగా వచ్చేదాకా కలపనే వద్దు. తర్వాతైనా ఆ పుంజుతో మేం కలపమనం.

నాటు పెట్టలతో కలపడానికి ముందు 30 రోజులు వేరే చోట, వేరే గిన్నెలతో ఉంచండి. ముందు మీ నాటుకోళ్ల పని చూసి, తర్వాత వీటి దగ్గరికి వెళ్లండి. చెప్పులు కూడా వేరు. ముప్పు రెండువైపులా ఉంది. టీకాలు పడిన ఫారం కోడి పైకి బాగానే ఉండి, దీర్ఘకాలపు జలుబు, మారెక్స్ అనే వైరస్ జబ్బు లాంటివి నాటుకోడి పిల్లలకి అంటించగలదు. జాలీ మీద పెరిగి రెట్ట తొక్కని ఫారం కోడికి మీ పెరటి మట్టిలోని నులిపురుగులు, రక్త విరేచనాల జబ్బు కొత్త. మూడో వారంలో రెట్ట తీసుకెళ్లి పశువైద్యుడికి చూపించి, ఆయన చెప్పిన మోతాదులో పురుగుల మందు వేయండి. మందు వేశాక ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అప్పుడే అడగండి. కొక్కెర తెగులు టీకా మీ నాటుకోళ్లకి వేయించకపోతే ముందు అది చేయించండి.

నెల అయ్యాక వారం రోజులు మధ్యలో మెష్ కట్టి చూసుకోనివ్వండి. తర్వాత ఒక రాత్రి, అన్నీ పడుకున్నాక, కొత్తవాటిని కర్ర మీద పెట్టండి. తెల్లారి పొడుచుకోవడం తప్పదు, రక్తం రానంతవరకు కలగజేసుకోకండి. కొన తెగిన ముక్కుతో తెల్లకోడి ఎదురు పొడవలేదు కాబట్టి, దాణా గిన్నెలు మూడు చోట్ల పెట్టి, అది దూరి దాక్కోవడానికి వాల్చిన తడికె ఒకటి ఉంచండి.

మా ఊళ్లో లేయర్ దాణా దొరకదు. అన్నం, వేరుశనగ చెక్క పెడితే చాలదా?
— ఒక పాఠకురాలు, వైయస్సార్ కడప జిల్లా

చాలదు. అన్నం కడుపు నింపుతుంది, ప్రొటీనూ కాల్షియమూ ఇవ్వదు. కోడి రోజంతా తినేదే 110 గ్రాములు. అందులో చద్దన్నం ఒక చెంచా దాటకూడదు. వేరుశనగ చెక్కలో ప్రొటీన్ ఉంది కానీ చెమ్మ తగిలితే బూజు పట్టి విషం పుడుతుంది. కంటికి బూజు కనిపించకపోయినా ఆ విషం ఉండవచ్చు, మరిగించినా పోదు, కాలేయాన్ని తింటుంది. సోయా చెక్కే మేలు.

పది కిలోల మిశ్రమానికి: పగలగొట్టిన మొక్కజొన్న 5 కిలోలు, సోయా చెక్క 2 కిలోల 200 గ్రాములు, తవుడు కిలోన్నర, షెల్ గ్రిట్ 1 కిలో, కోళ్ల ఖనిజ మిశ్రమం 250 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. విటమిన్ పొడి ప్యాకెట్ మీద రాసిన మోతాదులో కలపండి. నాలుగు కోళ్లకి ఇది 22 రోజులు వస్తుంది. దాణా దొరికేవాళ్లకీ ఒక మాట: 50 కిలోల బస్తా చవక అని కొంటే నాలుగు కోళ్లకి దాదాపు నాలుగు నెలలు పడుతుంది, వానాకాలంలో అన్నాళ్లు నిలవదు. ఆరు వారాలకి సరిపడా 20 కిలోలు తీసుకుని మూత గట్టిగా ఉండే డబ్బాలో పోయండి. పచ్చళ్ల అడుగు, ఊరగాయ బద్దలు, ఉప్పు చల్లిన ఏవీ వద్దు.

ఒక కోడి నిన్న పెంకు లేని తోలుగుడ్డు పెట్టింది. ఈరోజు తోక దించి, పెంగ్విన్ పక్షిలా నిటారుగా నిలబడి ఉంది. తినడం లేదు.
— ఒక పాఠకుడు, ఖమ్మం

గుడ్డు అడ్డం పడి ఉండవచ్చు. గుడ్డుని తోసే కండరాలకి కాల్షియం కావాలి, పట్టు దొరకడానికి గట్టి పెంకూ కావాలి. ఈ కోళ్లకి రెండూ కొరతే. అందుకే తోలుగుడ్డు పెట్టిన మర్నాడు ఒక కన్నేసి ఉంచాలి.

మోచెయ్యి ముంచితే హాయిగా వెచ్చగా తగిలే నీళ్లు (38 నుంచి 40 డిగ్రీలు) టబ్బులో కోడి పొట్ట మునిగేలా పోసి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. చాలా కోళ్లు అయిదు నిమిషాలకే కళ్లు మూసుకుని ఒళ్లు వదిలేస్తాయి. తుడిచి, వెనక దారికి కొబ్బరినూనె రాసి, వెచ్చటి చీకటి గదిలో నీళ్లతో ఉంచండి. పొట్ట పిసకకండి. గుడ్డు లోపల పగిలితే పెంకు ముక్కలు కోసేస్తాయి. సాయంత్రానికి రాకపోతే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి, కాల్షియం సూది వేస్తారు.

పొట్ట నీళ్ల సంచిలా జారి, పట్టుకుంటే వేడిగా ఉంటే సంగతి వేరు. పచ్చసొన గుడ్డు తయారయ్యే గొట్టంలోకి పోకుండా కడుపులో పడి చీము పట్టిందన్నమాట. ఈ వయసు లేయర్ కోళ్లలో తరచుగా చూసేదే. తొలి దశలో మందులతో కొన్ని తేరుకుంటాయి. ముదిరాక బతకడం కష్టం, నొప్పి లేకుండా పోనివ్వమని డాక్టరుని అడగడం కూడా సాకడంలో భాగమే.

వెనకనుంచి ఎర్రటి ముద్ద బయటికి వస్తే ఆలస్యం చేయకండి, తోటి కోళ్లు నిమిషాల్లో పొడిచి పేగులు లాగేస్తాయి. వేరు చేసి, గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడిగి, పంచదార తడిపి ముద్ద మీద రాయండి. పంచదార నీరు లాగేసి వాపు తగ్గిస్తుంది. పావుగంట తర్వాత నూనె రాసిన వేలితో మెల్లగా లోపలికి నెట్టి, కొన్ని రోజులు చీకట్లో ఉంచితే గుడ్లు ఆగి మానుతుంది. మళ్లీ వస్తే డాక్టరు కుట్టు వేయాలి.

మే నెలలో మా ఊరి ఎండకి ఇవి తట్టుకుంటాయా?
— ఒక పాఠకుడు, రెంటచింతల

తెల్ల లేయర్ కోడి ఒళ్లు చిన్నది, తురాయి పెద్దది. తురాయిలోంచి వేడి బయటికి పోతుంది, ఆ లెక్కన బరువైన కోళ్ల కంటే నయమే. బోసి చర్మం మాత్రం ఎండకి కమిలిపోతుంది. రేకు కప్పు మీద తాటాకు పరిచి, పడమటి వైపు తడి గోనె కట్టండి. మేత అరిగేటప్పుడు ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది కాబట్టి పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు దాటాక దాణా పెట్టి, మధ్యాహ్నం గిన్నె తీసేయండి. నీళ్లు మట్టి కుండల్లో, నీడలో, 11 గంటలకీ 2 గంటలకీ మార్చాలి. నోరు తెరిచి రొప్పినకొద్దీ రక్తంలో పెంకు తయారీకి పనికొచ్చే బైకార్బొనేట్ తగ్గుతుంది, ఆ నెలలో పెంకు పలచబడటం అందుకే. షెల్ గ్రిట్ సాయంత్రం పూట తప్పకుండా ఉంచండి. కోడి మెడ వాల్చేస్తే కాళ్లు, పొట్ట చల్లటి కుండ నీళ్లలో ముంచి పట్టుకోండి. ఐసు నీళ్లు వద్దు.

మేం బ్రిటన్‌లో ఉంటున్నాం. ఇక్కడ సంస్థలు ఫారం కోళ్లని దత్తత ఇస్తున్నాయి. మూడు తీసుకోవాలని ఉంది. మన పద్ధతులు ఇక్కడ పనికొస్తాయా?
— ఒక పాఠకురాలు, రెడింగ్

బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్ 2005 నుంచి ఇదే పని మీద ఉంది, ఏయే తేదీల్లో ఎక్కడ కోళ్లు ఇస్తారో చూసుకుని, ముందే పేరు నమోదు చేసుకుని వెళ్లాలి. మీకు తేడా మూడు చోట్ల.

మొదటిది, ఇంగ్లండులో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వ పశు ఆరోగ్య సంస్థ దగ్గర నమోదు చేయించాలి. తెచ్చిన నెలలోపు చేయించండి. రెండోది, వంటింట్లోంచి వెళ్లిన ఏదీ కోడికి పెట్టకూడదు. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కూడా. శాకాహార ఇల్లయినా పాలు, పెరుగు ఉంటే ఈ నిషేధం వర్తిస్తుంది. తోటలో కోసిన ఆకు వంటగదిలోకి తేకుండా నేరుగా వేయవచ్చు. మూడోది, బర్డ్ ఫ్లూ వచ్చిన చలికాలాల్లో కోళ్లని కప్పు కింద ఉంచమని ఉత్తర్వులు వస్తాయి. పైకప్పు ఉన్న చోటు ముందే కట్టుకోండి.

అక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే, గుడ్లు ఆగిపోతాయి. పైన తెనాలి పాఠకురాలికి చెప్పిన మాటే మీకూ. బోసి కోళ్లకి ఊలు స్వెట్టర్లు వేసే సరదా ఉంది, వేయకండి. తడిస్తే ఆరవు, లోపల పేలు చేరతాయి, మొలిచే ఈక ఒరుసుకుపోతుంది. గాలి తగలని పొడి గూడు చాలు.

2025 ఫిబ్రవరిలో మా దగ్గర బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారం చుట్టూ కోళ్లన్నీ తీసేశారు. మళ్లీ వస్తే ఇంట్లోవి కూడా తీసుకుపోతారా?
— ఒక పాఠకురాలు, తణుకు

తీసుకుపోతారు. జబ్బు తేలిన చోటినుంచి కిలోమీటరు లోపు ఉన్న పెరటి కోళ్లకి కూడా ఆ నిబంధన వర్తిస్తుంది, పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. దాచకండి, అది ఇంట్లో మనుషులకీ ప్రమాదమే. ఫారానికి దగ్గర్లో ఉండేవాళ్లు దాణా గిన్నెలు కాకులు, కొంగలు వాలని చోట పెట్టడం, చెరువు నీళ్లు తాగించకపోవడం ఎప్పుడూ పాటించాలి. చుట్టుపక్కల కోళ్లు చనిపోతున్నాయని విన్న నెలలో ఏ ఫారం నుంచీ కొత్త కోళ్లు తేవద్దు. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే చేత్తో ముట్టకుండా పశువైద్యశాలకి కబురు చేయండి.

మా తెల్లకోడి నిన్న బూడిద గుంటలో పక్కకి ఒరిగి, కాళ్లు కొట్టుకుంటూ, కళ్లు తేలేసింది. మూర్ఛేమోనని నీళ్లు చల్లాం. లేచి పరిగెత్తింది. ఏమై ఉంటుంది?
— ఒక పాఠకురాలు, వరంగల్

స్నానం చేస్తోంది. కోడి పొడి మట్టిలో గుంట చేసుకుని, పక్కకి వాలి, కాలితో దుమ్ము ఎగజిమ్మి ఈకల మొదళ్ల దాకా పోనిచ్చుకుంటుంది, తర్వాత లేచి ఒక్కసారి దులుపుకుంటుంది. పేలు, పాత నూనె జిడ్డు ఆ దుమ్ముతో రాలిపోతాయి. కేజులో పుట్టి పెరిగిన కోడికి ఇది ఎవరూ నేర్పలేదు, జాలీ మీద ఉన్నప్పుడు కూడా ఒట్టి తీగల మీదే ఆ కదలికలు చేస్తుంటుంది.

పాత టైరులోనో రెండడుగుల తట్టలోనో పొడి మట్టి రెండు పాళ్లు, ఇసక ఒక పాలు, జల్లించిన కట్టెల బూడిద ఒక పాలు కలిపి ఆరంగుళాల లోతు పోయండి. బూడిద పూర్తిగా చల్లారి ఉండాలి, ప్లాస్టిక్ కాల్చిన పొయ్యిది కాకూడదు. వాన తగలని చోట పెట్టండి. ఈసారి నీళ్లు చల్లకండి.